సడెన్ బ్రేక్ కొడితే ఎటు పడతారు?

మా అమ్మ వెనక్కి పడింది. ముందుకు కాదు, పక్కకు కాదు, వెనక్కి. పోలీసు కాగితంలో కూడా అదే ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఎనిమిదేళ్లు ఒక మనిషి మీద పగ పెంచుకున్నాను. పగ అని మాటవరసకు అనడం లేదు. అన్నం కలుపుకుంటే గుర్తొచ్చేవాడు, నమాజుకు నిలబడితే గుర్తొచ్చేవాడు. వాడు కొత్త ఆటో కొన్నాడని ఎవరైనా చెబితే ఆ రోజంతా నాకు ఒళ్ళు మండేది.

నా పేరు నజ్మా. జహీరాబాద్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఊరి పేరు రాయను, అక్కడ తలెత్తుకు తిరగాల్సిన పిల్ల ఒకతి ఉంది. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో తెలుగు. ఇంటి మాటలు కూడా, అక్కను ఆపా అనడం లాంటివి తప్ప, ఇక్కడ తెలుగులోనే చెప్తాను, లేకపోతే మీకూ నాకూ తిప్పలు.

అమ్మ పేరు అన్వరీ బేగం. గాజులు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని ఝరాసంగం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. పదకొండేళ్ల కింద ఒక అంగడి రోజు, మధ్యాహ్నం పూట, రామ్‌కిషన్ ఆటోలో తిరిగి వస్తోంది. తోడుగా నా తమ్ముడు షాహెద్ ఉన్నాడు. వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. సీటు నిండా ఎవరివో అల్లం బస్తాలు వేశారు. అందుకని అమ్మ వెనక డిక్కీలో కూర్చుంది.

మా వైపు ఆటోలు ఎక్కినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఎక్కనివాళ్ల కోసం చెప్తున్నాను. సీటు వెనక సామాను పెట్టే జాగా ఒకటి ఉంటుంది. జనం ఎక్కువైతే అందులో కూడా కూర్చుంటారు. వీపు సీటుకు ఆనించి, మొహం వెనక రోడ్డు వైపు పెట్టి, కాళ్లు బయటికి వేలాడేసి. బండి పోతుంటే దాటొచ్చిన రోడ్డే కనిపిస్తుంది. మా దగ్గర సగం మంది ఆడవాళ్ల ప్రయాణాలు ఇట్లాగే సాగుతాయి.

టౌను ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా అమ్మ డిక్కీలోంచి రోడ్డు మీద పడింది. తల వెనక దెబ్బ తగిలింది. పన్నెండు రోజులు దవాఖానలో ఉండి, పోయింది.

రామ్‌కిషన్ పోలీసులకు చెప్పింది ఇంతే. "కుక్క అడ్డమొచ్చింది సార్. సడెన్ బ్రేక్ కొట్టిన. ఆమె పట్టుకొని కూసోలే. ఎన్కకు పడ్డది." రాసుకున్నారు, సంతకాలు పెట్టించుకున్నారు, అయిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లది కూడా అదే పాట. "పాపం, రామ్‌కిషన్ ఏం జేస్తడు? జర గట్టిగ పట్టుకొని కూసుంటే అయిపోతుండె." అంటే చచ్చిపోయిన మనిషిదే తప్పన్నమాట! ముప్పై ఏళ్లు అవే ఆటోల్లో తిరిగి, గంపలో ఒక్క గాజు పగలకుండా ఇంటికొచ్చిన మనిషికి కూర్చోవడం రాదట! కానీ ఏమని జవాబు చెప్పాలో తెలిసేది కాదు.

మూడేళ్ల తర్వాత తెలిసింది. బీఈడీలో ప్రాక్టీసు కోసం ఒక బడికి పంపారు. నాకు జడత్వం పాఠం వచ్చింది. బోర్డు మీద బస్సు బొమ్మ గీశాను.

"బస్సు పోతోంది, లోపల మనమూ అంతే వేగంతో పోతున్నాం. డ్రైవర్ బ్రేక్ వేశాడు. బ్రేక్ పడింది బస్సుకు, మనకు కాదు. మన ఒళ్ళు ఇంకా పోతూనే ఉంటుంది. అందుకే ముందుకు తూలతాం. అదే, ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే? కాళ్లు బస్సుతో పోతాయి, పై ఒళ్ళు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అందుకే వెనక్కి పడతాం."

ఆ మాట అని నేను ఆగిపోయాను. సుద్దముక్క బోర్డు మీదే ఉంది.

బ్రేక్ కొడితే ఒళ్ళు బండి ముందువైపుకే పోతుంది. కానీ అమ్మ కూర్చున్నది వెనక్కి తిరిగి. బండి ముందువైపు అంటే ఆమె వీపు వైపు. బ్రేక్ కొడితే ఆమె వీపు సీటుకు అతుక్కోవాలి. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా అతుక్కోవాలి. ఆమె రోడ్డు మీద పడాలంటే బండి ఒక్క ఉదుటున ముందుకు పోవాలి. ఆమె ఉన్నచోటే ఉండిపోవాలి, కింది నుంచి బండి జారిపోవాలి.

కుక్క లేదు. బ్రేక్ లేదు. రామ్‌కిషన్ అబద్ధం ఆడాడు.

ఎందుకు ఆడాడో కూడా నేనే తేల్చేశాను. అంగడి రోజు, ఇంకో ట్రిప్పు కొట్టాలన్న ఆత్రం. అమ్మ సర్దుకుని కూర్చుందో లేదో చూడకుండా రేస్ ఇచ్చి బండి గుంజి ఉంటాడు. పైగా తప్పు తీసుకెళ్లి పోయిన మనిషి నెత్తిన రుద్దాడు. ఆ రోజు ఇంటికి పోగానే షాహెద్‌ని నిలదీశాను. "నువ్వు ముందర డ్రైవర్ పక్కనే ఉన్నవు గదరా, కుక్కను చూసినవా?" అంటే, "యాద్ లేదు ఆపా, ఆ ముచ్చట తియ్యకు" అని లేచి బయటికి పోయాడు. అమ్మ గుర్తొచ్చి ఏడుపు వచ్చిందేమో అనుకున్నాను. పోలీసుల దగ్గరికి పోతే, పాఠాలు బడిలో చెప్పుకోమ్మా అన్నాడు ఒకాయన. సరే, బడిలోనే చెప్తానని ఆ రోజే అనుకున్నాను.

నాకు ఉద్యోగం వచ్చి ఈ బడికి వేశారు. మొదటి రోజు హెడ్మాస్టర్ గదిలో గోడ మీద బడి కమిటీ పేర్లు చూశాను. చైర్మన్, రామ్‌కిషన్. వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటే ఇదే. అల్లా, నీ మేలు మరువను అనుకున్నాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. చేతులు జోడించి నమస్తే మేడం అన్నాడు, తల మాత్రం ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత ఎప్పుడు కనిపించినా ఒకటే అడిగేవాడు. "షాహెద్ మంచిగున్నడా మేడం? నౌకరీ మంచిగ నడుస్తున్నదా?" షాహెద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెళ్లయింది, రెండేళ్ల కూతురు. బాగున్నాడు అని ముక్తసరిగా చెప్పి, పక్కకు తిరిగి పళ్ళు నూరేదాన్ని. తల్లిని చంపి కొడుకు క్షేమం అడుగుతున్నాడు, సిగ్గులేని మనిషి!

రామ్‌కిషన్ మనుమరాలు అనిత నా ఎనిమిదో తరగతిలోనే ఉంది. మొదటి బెంచీ. ఒకటి చెబితే రెండు అడిగే రకం. ఘర్షణ లేకపోతే నడవలేం అని నేనంటే, "మరి చేప ఎట్ల ఈదుతది టీచర్?" అంటుంది. నాకు ఆ పిల్లంటే ఇష్టం, అది దాచను. ఇష్టం ఉండి కూడా నేను చేసిన పని చేశాను, అదీ దాచను.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సైన్స్ డే. ముఖ్య అతిథి కమిటీ చైర్మనే. నెల ముందు నుంచే నా ఎనిమిదో తరగతి చేత ఒక బండి చేయించాను. చెక్క పలక, నాలుగు చక్రాలు, మధ్యలో సీటులాగా అట్టముక్క. ఆ అట్టకు వెనకవైపు వీపు ఆనించి, కాళ్లు బయటికి వేసి కూర్చున్న గుడ్డ బొమ్మ. బండిని తోసి, బల్ల మీద ఇటుకకు తగిలేట్టు ఆపితే బ్రేక్ కొట్టినట్టు. తాడు కట్టి ఒక్కసారి లాగితే రేస్ ఇచ్చినట్టు. పిల్లలు ఇరవైసార్లు బ్రేక్ కొట్టి చూశారు. ఇరవైసార్లూ బొమ్మ అట్టకు అతుక్కుంది, ఒక్కసారీ జారిపడలేదు. ఇరవైసార్లు తాడు లాగారు. పద్దెనిమిదిసార్లు బొమ్మ బల్ల మీద వెల్లకిలా పడింది. అన్నీ పట్టికలో రాయించాను. ప్రయోగం అంటే అట్లా ఉండాలి, ఎవరూ వేలు పెట్టి చూపడానికి లేకుండా.

చివరి రోజు అనితను పిలిచి ఒక చీటీ ఇచ్చాను. "ప్రయోగం చూపించడం అయ్యాక మీ తాతను ఈ ప్రశ్న అడుగు. డ్రైవర్ల అనుభవం కూడా సైన్సే." చీటీ చదివి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. తాతకు జవాబు తెలిసిన ప్రశ్న అని సంబరం. ఆ గాజులామె ఎవరో ఆ పిల్లకు తెలియదు.

ఆ రోజు బడి ముందు షామియానా వేశాం. పిల్లలు, తల్లిదండ్రులు, కమిటీ వాళ్లు, ఆటో స్టాండు నుంచి వచ్చిన నలుగురైదుగురు. అనిత బండి నడిపించి చూపించింది. గొంతు ఖణీమని ఉంది. బ్రేక్ కొట్టింది, బొమ్మ అతుక్కుంది. తాడు లాగింది, బొమ్మ పడింది. చప్పట్లు కొట్టారు. రామ్‌కిషన్ అందరికంటే గట్టిగా కొట్టాడు. తర్వాత అనిత చీటీ తీసింది.

"తాతా, నీకొక ప్రశ్న. వెనుకట నువ్వు కుక్కకు సడెన్ బ్రేక్ కొట్టినవు గదా? అప్పుడు డిక్కీల కూసున్న గాజులామె ఎటు పడ్డది?"

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి జారాయి. ఆయన మనుమరాలిని చూడలేదు, నన్ను చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఈ క్షణం కోసం ఎనిమిదేళ్లు కాచుకున్నాను, ఎందుకు తిప్పుకుంటాను?

"ఎన్కకు పడ్డది బిడ్డా. రోడ్డు మీదికి" అన్నాడు.

"గట్లెట్ల తాతా?" అనిత నవ్వింది. "బ్రేక్ కొడితే సీటుకు అతుక్కోవాలె గద! ఇరవైసార్లు చూసినం. బండి ముందట్కి దుంకితేనే..." అంటూ బొమ్మ వైపు చూసింది, తాత వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. తెలివైన పిల్ల అని చెప్పాను కదా. మిగతాది తనకే అర్థమైంది.

ఆటో స్టాండు వాళ్లు మొహాలు మొహాలు చూసుకున్నారు. రామ్‌కిషన్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"కుక్క లేదు" అన్నాడు. "బ్రేక్ కొట్టలే. బండి గుంజిన. నేనే గుంజిన. ఆమె మంచిగనే పట్టుకొని కూసున్నది, ఆమెది ఏం తప్పు లేదు. అబద్ధమాడిన." నా వైపు తిరిగాడు. "మేడం, మాఫ్ చెయ్యున్రి. ఇంగ ఎవర్నేం అడుగకున్రి."

మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి, పిల్లల మధ్య నుంచి నడిచి గేటు దాటి పోయాడు. అనిత తాతా తాతా అంటూ రెండడుగులు వేసి నిలబడిపోయింది.

నాకు ఎట్లా అనిపించిందో చెప్పమంటారా? పండగలాగా అనిపించింది. కడుపు చల్లబడింది. ఆమెది ఏం తప్పు లేదు అన్న మాట పది మందిలో వాడి నోటితోనే అనిపించాను! తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఇంటికి పోతూ బస్టాండు దగ్గర జిలేబీ కట్టించుకున్నాను.

సాయంత్రం షాహెద్ డ్యూటీ నుంచి వచ్చాడు. భార్యా పిల్లా పుట్టింటికి పోయారు, ఇంట్లో మేమిద్దరమే. జిలేబీ ముందు పెట్టి మొదటి నుంచి చెప్పాను. బండి, బొమ్మ, చీటీ, ఒక్కటీ వదల్లేదు. వాడు నోట్లో పెట్టుకున్నది నమలడం మానేశాడు.

"నేనే గుంజిన అన్నడా?" అని అడిగాడు.

"అన్నడు. చచ్చినట్టు అన్నడు."

"నా పేరు తియ్యలేదా?"

"నీ పేరెందుకు తీస్తడురా?"

షాహెద్ చేతిలోది పళ్లెంలో పెట్టేశాడు. "హ్యాండిల్ నా చేతిల ఉండె ఆపా" అన్నాడు.

నేను వాడి మొహమే చూస్తున్నాను. వాడు నేల చూస్తూ చెప్పాడు.

"అమ్మనే అడిగింది రామ్‌కిషన్ చాచాను. మా పోరనికి జర బండి నేర్పు, ఏదన్న పని దొరుకుతదని. రోడ్డు ఖాళీగున్నదని నాకిచ్చిండు. పక్కకు కూసొని చెప్తుండె. రెండుసార్లు బండి బంద్ పడ్డది. మూడోసారి గూడ బంద్ పడతదేమో అని రేస్ బాగ ఇచ్చి క్లచ్ ఒక్కసారే ఇడిసిన. బండి దుంకింది. నేను పోయిందని ఖుషీ అయిన. ఎన్కకు మల్లి, అమ్మీ చూసినవా అన్న. అమ్మ లేదు."

"మరి కుక్క?"

"దవాఖానకు పోతుంటే అమ్మకు తెలివున్నది. చాచా చెయ్యి పట్టుకొని, పోరనికి లైసెన్స్ లేదు, జైల్ల ఏస్తరు, వాని పేరు చెప్పకు అన్నది. కుక్క, బ్రేక్, అవన్ని చాచా అప్పటికప్పుడు అల్లిండు. బ్రేక్ కొడితే మనిషి ఎటు పడ్తడో ఆయనకేం ఎరుక ఆపా? నాకేం ఎరుక?"

వాడి చెంప పగలగొట్టాను. ఒకటి కాదు, మూడు. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు.

"పదకొండేళ్లురా! అమ్మకు కూసునుడు రాదని ఊరంతా అంటుంటే బెల్లం కొట్టిన రాయి లెక్క ఉన్నవు! నేను ఆ మనిషిని శాపనార్థాలు పెడుతుంటే ఎదురుగ కూసొని అన్నం తిన్నవు!"

"భయమైంది ఆపా. ఇప్పుడు గూడ భయమే. పిల్ల ఉన్నది, నౌకరీ ఉన్నది. చాచా ఎట్లాగు ఒప్పుకున్నడు. ఎవరికి చెప్పకు."

చెప్తాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. గదిలోకి పోయి తలుపేసుకున్నాను. కోపం తమ్ముడి మీద సగమే. మిగతా సగం ఎవరి మీదో నాకు తెలుసు. జడత్వం నాకు చెప్పింది ఒక్కటే, బండి ముందుకు దూకిందని. ఎవరి చెయ్యి దూకించిందో చెప్పలేదు. ట్రిప్పు ఆత్రం, నిర్లక్ష్యం, అవన్నీ నేనే కలుపుకున్నాను. ఏ పిల్లయినా పరీక్షలో అట్లా రాస్తే సున్నా వేసేదాన్ని. నేను మాత్రం దాని మీద ఎనిమిదేళ్లు బతికాను.

మర్నాడు బడికి పోయేసరికి రామ్‌కిషన్ రాజీనామా కాగితం హెడ్మాస్టర్ బల్ల మీద ఉంది. ఎనిమిదో తరగతిలోకి పోతుంటే లోపల ఎవడో, "అబద్ధాల తాత మనుమరాలు" అని పాటలాగా అంటున్నాడు. నన్ను చూసి నోరు మూశాడు. అనిత లేచి నా దగ్గరికి వచ్చింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తాత మీకు మాఫీ అడుగుమన్నడు టీచర్. ఇంగ బడికి రాడంట. మీ అమ్మను మా తాతనే సంపిండంట" అంటూ నా కాళ్ల మీదికి వంగింది.

భుజాలు పట్టి లేపాను. నలభై రెండు మంది పిల్లలు చూస్తున్నారు. ఇంట్లో తమ్ముడి బతిమాలాట ఉంది, దవాఖాన దారిలో అమ్మ అన్న మాట ఉంది. ఇక్కడ నా చేతుల్లో ఈ పిల్ల భుజాలు ఉన్నాయి. అమ్మ మాట ఒక పరాయి మనిషి పదకొండేళ్లు నిలబెట్టాడు. నిన్న నేను దాన్ని ఆయన పరువుతో సహా బజారుకీడ్చాను.

"అందరూ వినండి" అన్నాను. "నిన్న రామ్‌కిషన్ తాత చెప్పింది నిజం కాదు. బండి ఆయన నడపలేదు. నా తమ్ముడు షాహెద్ నడిపాడు, బండి నేర్చుకుంటూ. మా అమ్మ అడిగిందని, మా తమ్ముణ్ని కాపాడడానికి తాత ఆ మాట చెప్పాడు. నిన్న మళ్లీ కాపాడాడు. తప్పు మా ఇంట్లోది. మీ ఇళ్లల్లో కూడా ఇదే చెప్పండి. సాయంత్రం నేను వాళ్లింటికి పోయి మాఫీ అడుగుతాను, మా తమ్ముణ్ని వెంటబెట్టుకుని."

అనిత కళ్లు తుడుచుకుంది. అలవాటు ప్రకారం ప్రశ్న వచ్చింది.

"మీకు తాత మీద కోపముంటే మీరే అడగొచ్చు గద టీచర్. నాతోని ఎందుకు అడిగిపిచ్చిన్రు?"

నువ్వు బాగా మాట్లాడతావని అనొచ్చు. చాలా జవాబులు నోటి దాకా వచ్చాయి.

"నువ్వు అడిగితే ఆయనకు ఎక్కువ నొప్పి పుడుతుందని" అన్నాను.

ఆ పిల్ల నా చేతుల్లోంచి భుజాలు విడిపించుకుంది. మొదటి బెంచీ దగ్గరికి పోయి పుస్తకాలన్నీ బ్యాగులో వేసుకుంది. వెనక్కి నడిచి చివరి బెంచీలో కూర్చుని నన్ను సూటిగా చూసింది.

"నేను మర్చిపోను టీచర్" అంది.

"మర్చిపోకు" అన్నాను.